అమ్మమ్మ పేరు రాసి పెట్టారా?



మీ అమ్మమ్మగారి అమ్మ పేరేమిటో చెప్పగలరా? తడుముకోకుండా చెప్పగలిగితే మీరు అదృష్టవంతులే. మా అమ్మాయి అడిగిననాడు నేను చెప్పలేకపోయాను. మాకు ఆవిడ "రాజమండ్రి అమ్మమ్మ", అంతే. అమ్మనడిగితే, "అమ్మమ్మని పేరుపెట్టి ఎవరు పిలుస్తారే!" అంది. తెలిసిన మా పెద్దమ్మ రెండేళ్ల క్రితమే పోయింది. చివరికి అటక మీది మరచెంబు దింపి చూస్తే "వెం. సు." అని చెక్కి ఉంది. వెంకట సుబ్బమ్మా, వెంకట సుందరమ్మా? చెప్పేవాళ్లు లేరు.

మగవాళ్ల పేర్లు పొలం దస్తావేజుల్లోనైనా మిగులుతాయి. ఆడవాళ్లకు పెళ్లితో ఊరు మారింది, ఇంటిపేరు మారింది. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటైతే కొన్ని ఇళ్లల్లో అసలు పేరే మార్చేశారు. తద్దినం పెట్టే ఇళ్లల్లో మూడు తరాల పేర్లు తలుచుకుంటారు. నాలుగో తరం జారిపోతుంది. అందుకే ఇంటి కథ రాసి పెట్టుకోవాలంటున్నాను.

ఎలా మొదలుపెట్టాలి? "మీ కథ చెప్పండి" అంటే పెద్దవాళ్లు "నాదేం కథమ్మా" అని తప్పించుకుంటారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఈ గంగాళం ఎవరిచ్చారత్తయ్యా?" అని అడిగి చూడండి. ఇచ్చినవారి పేరు, ఆ పెళ్లి, ఆ పెళ్లిలో అలకలు, అన్నీ వాటంతటవే వస్తాయి. మధ్యలో అడ్డు తగలకండి. ఆవిడ సరేనంటే సెల్‌ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకుని, తీరిగ్గా రాసుకోవచ్చు.

తేదీలు గుర్తులేవంటారా? మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. "విక్రమలో పుట్టాను" అంటే 1940 ఉగాదికీ 1941 ఉగాదికీ మధ్యన్నమాట. మళ్లీ విక్రమ వచ్చింది 2000లోనే కనుక పొరపాటుకు తావులేదు. "ధాత కరువునాటి బిందె" అంటే 1876-78 నాటి పెద్ద కరువు. పోలీసు చర్య 1948 సెప్టెంబరు, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. "అప్పటికి నీ చంకలో ఎవరున్నారు?" అని అడిగితే చాలు, లెక్క తేలిపోతుంది.

ఒకే సంగతి అత్తయ్య ఒకలా, పిన్ని ఒకలా చెబుతారు. తగవు తీర్చబోకండి. ఎవరు చెప్పిందో పేరు వేసి రెండూ రాయండి. ఎవరి మనసైనా నొచ్చుకునే సంగతి ఉంటే, వారినడిగి, ఒప్పుకుంటేనే నలుగురికీ పంచండి. రాసినదాన్ని బీరువాలో దాచకండి. నకళ్లు తీసి అక్కచెల్లెళ్లకూ, ఆడపడుచులకూ, తోడికోడళ్లకూ ఇవ్వండి. చదివినవాళ్లు "అలా కాదే, జరిగింది ఇదీ" అంటూ ఇంకో నాలుగు సంగతులు చేరుస్తారు. ఒక కాపీ పోయినా ఇంకోటి ఉంటుంది.

పెద్ద పుస్తకం రాయనక్కర్లేదు. ఈ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పాత నోటుబుక్కులో మీకు తెలిసిన ఆడవాళ్ల పేర్లు పొట్టి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాయండి. తెలియనిచోట ఖాళీ వదిలి, తెలిసినవారికి ఈవేళే ఫోన్ చేయండి. నేను రెండేళ్లు ఆలస్యం చేశాను. మీరు చేయకండి.