బేతాళుని ప్రశ్న

విక్రమార్కుని భుజాన వ్రేలాడుతూ బేతాళుడు కథ చెబుతాడు. చెప్పి, “ఇందలి నీతి ఏమి?” అని అడగడు. “వాడు అట్లా ఎందుకు చేసినాడు? అది న్యాయమేనా?” అని అడుగుతాడు. కథకు ఆయువుపట్టు ఆ ప్రశ్నలోనే ఉన్నది. మన బడులలో మాత్రం కథ ముగియగానే నీతి వ్రాయిస్తాము. పరీక్షతో ఆ నీతి మరుపున పడుతుంది. దానితోపాటు కథ కూడా. ఒక కథ ఏళ్ల తరబడి మనిషిని వదలకుండా ఉండడానికి హేతువేమి? ఆ హేతువును తరగతి గదిలో మనమే పోగొట్టుతున్నామా? ఉపాధ్యాయులు వేసుకోదగిన ప్రశ్నలివి.

నిదర్శనాలకు దూరం పోనక్కరలేదు. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం సీమ కథకు కూడా సారవంతమైన నేలయే. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో కన్నుమూసే వరకు ‘చందమామ’ పత్రికను తీర్చిదిద్దినారు. అందులోని బేతాళ కథలు చదువుతూ, చివరి ప్రశ్న వద్ద ఆగి, తమ సమాధానం తాము చెప్పుకొని, ఆ పిమ్మట విక్రమార్కుని సమాధానంతో సరిచూసుకొన్న పిల్లలు తెలుగునాట ఎందరో! అట్టి పాఠకుడు కేవలం వినేవాడు కాడు, తీర్పరి కూడా. తనకు తీర్పరి పీటవేసిన కథను ఎవడు మాత్రం మరచిపోగలడు?

పెద్దల కథలలోనూ ఇదే ధర్మం. గుంటూరు సమీపాన వేజెండ్లలో 1939లో జన్మించిన కొలకలూరి ఇనాక్ వ్రాసిన ‘ఊరబావి’ని చూడండి. ఊరందరిదీ అనిపించుకొనే బావి. దానిలో చేద వేసే హక్కు మాత్రం దళితులకు లేదు. ఒక దళిత స్త్రీ చచ్చిన పశువు కళేబరాన్ని తెచ్చి ఆ బావిలో పడవేస్తుంది. చచ్చిన గొడ్డును మోసే పనిని ఊరు ఎవరికి అంటగట్టినదో, వారి చేతులే ఆ భారాన్ని తిరిగి ఊరికి అప్పగించినవి. ఇంతకూ ఆమె చేసినది నేరమా, న్యాయమా? నీళ్లు చెడినది ఆనాడా, అంతకు ఎంతో ముందా? బిందెడు మంచినీటికై మైళ్లు నడిచిన మెట్ట పల్లెల పాఠకునికి ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు, తన గడపలోది. ఇనాక్‌కు 2014లో పద్మశ్రీ వచ్చినది. అయినా, ఆ కథను పాఠకునిలో నిలిపినది ఏ బిరుదమూ కాదు. బావి గట్టున నిలిచిన ఆ ప్రశ్నయే.

దీనికి పూర్తిగా భిన్నమైనది ‘మిథునం’. రచయిత శ్రీరమణ, 2023లో గతించినారు. వారిది తెనాలి చేరువన వేమూరు ప్రాంతం. ఈ కథలో కోపం లేదు, పోరాటం లేదు. పిల్లలు దూరదేశాలకు పోగా పల్లెటూరి ఇంటిలో మిగిలిన అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే వృద్ధ దంపతులు. వారి పెరడు, రుచులు, కయ్యాలు. బాపు ఈ కథను తన దస్తూరితో తిరిగి వ్రాసుకొన్నారు. 2000లో మలయాళంలోనూ, 2012లో తెలుగులోనూ ఇది చలనచిత్రమైనది. ఇంత ప్రీతి దేనికి? పచ్చళ్ల ఘుమఘుమకు మాత్రమే అయితే కథ నాలుకతోనే ఆగిపోయేది. సుమంగళిగా పోవాలని కోరుకొనే సంప్రదాయంలో పుట్టిన ఇల్లాలు, భర్తయే ముందుగా పోవాలని కోరుకొన్నది. తాను ముందు పోతే ఆయనకు దిక్కెవరు? నవ్వుతూ చదువుతున్నవాడు ఇక్కడ ఆగిపోతాడు. ఇది స్వార్థమా, త్యాగానికి పరాకాష్ఠయా? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంటిలోనూ వేరు.

“నీతి లేని కథ పిల్లలకెందుకు?” అని కొందరంటారు. 1910లో గురజాడ వెలువరించిన ‘దిద్దుబాటు’లో నీతి లేకపోలేదు. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరే మగవానికి బుద్ధి చెప్పిన కథ అది. కాని నూరేళ్లు దాటినా మన చెవిలో మ్రోగుతున్నది ఆ బుద్ధి కాదు. మంచం క్రిందనుండి వినవచ్చిన కమలిని నవ్వు. ఇకనైనా గోపాలరావు మారినాడా అన్న సందేహం ఆ నవ్వు వెంటనే వస్తుంది. రచయిత పని ప్రశ్నను సరిగా నిలపడమే కాని పరిష్కరించడం కాదని రష్యన్ కథకుడు చెహోవ్ 1888లో సువోరిన్‌కు వ్రాసిన జాబులో వాదించినాడు. మన బేతాళునికి ఈ రహస్యం ఏనాడో తెలుసు.

కావున ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పత్తి తీతల నాళ్లలో, మిరప కోతల నాళ్లలో బడి మాని చేలకు పోయి, తిరిగి వచ్చిన పిల్లల ముందు ఒక కథ చదవండి. నీతి వ్రాయించకండి. “ఆమె చేసినది న్యాయమేనా?” అని అడిగి, మౌనంగా నిలువండి. ఊరికి ఉభయ దిక్కుల పిల్లలు ఒకే బల్లమీద కూర్చునే చోటు నేటికీ తరగతి గది ఒక్కటే. జవాబులు ఒకటి కావు. వాదం పుడుతుంది, ఒక్కొక్కప్పుడు నొప్పి కూడా కలుగుతుంది. ఆ నొప్పికి వెరచియే మనం తొందరపడి నీతి చెప్పి గంట కొట్టిస్తున్నాము. కాని ఎదుటివాని బాధను తన బాధగా తూచి చూడడం పిల్లవాడు నేర్చుకొనేది ఆ వాదంలోనే. నీతి వ్రాసుకొన్న పిల్లవానికి మార్కులు వస్తవి. ప్రశ్నను ఇంటికి మోసుకుపోయిన పిల్లవాడు మరునాడు మరొక కథను వెతుక్కుంటూ గ్రంథాలయం మెట్లెక్కుతాడు.