విన్నవారే తీర్పు చెప్పవలెను: కీర్తిశేషులు కోకా సుబ్బారావుగారు

మన పల్లెలలో తగవు పుట్టినపుడు దానిని పెద్దమనుష్యుల యెదుట పెట్టుట అలవాటు. ఆ పెద్దలలో ఒకరు ఎదుటిపక్షమున వాటా కలవాడైనచో, రెండవ పక్షమువాడు వెంటనే లేచి, "ఈయన మా తగవు తీర్చుటకు వీలులేదు" అనును. ఇరుపక్షముల మాట ఒకరు విని, ఇంటికడ కూర్చున్న వేరొకరు తీర్పు చెప్పి పంపినచో ఊరిలో ఎవరును దానిని ఒప్పుకొనరు. అక్షరజ్ఞానము లేనివారికి సైతము తెలిసిన ఈ రెండు విషయములకే న్యాయశాస్త్రమున సహజన్యాయ సూత్రములని పేరు.

ఇవి ప్రభుత్వమునకును వర్తించునా? 1958లో ఈ ప్రశ్న కృష్ణా జిల్లా బస్సుల తగవు రూపమున సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. వర్తించునని తీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. వారి జీవితమును, ఆ తీర్పులోని అంతరార్థమును ఇచట స్మరింతము.

సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రిగారు న్యాయవాది, కుమారుడు చిన్నవాడై యుండగనే గతించిరి. రాజమహేంద్రవరము ఆర్ట్సు కళాశాలలో పట్టము పొంది, మద్రాసున న్యాయశాస్త్రము చదివి, మామగారైన పి. వెంకటరమణారావు నాయుడుగారి వద్ద సుబ్బారావుగారు వృత్తి నేర్చుకొనిరి. కొలదికాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఆ పట్టణముతో వారికి ఆనాడే పరిచయ మేర్పడినది. పిదప మామగారి కుమారులు పి. వి. రాజమన్నారుగారితో కలిసి మద్రాసున వకాలతు సాగించిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి యైరి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా కర్నూలు రాజధాని యయ్యెను. హైకోర్టు గుంటూరునకు వచ్చెను. 1954 జూలై 5వ తేదీన ఆ న్యాయస్థానము ప్రారంభమైనపుడు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. అంతవరకు పై కోర్టు పని పడిన కృష్ణా, గుంటూరు జిల్లాల కక్షిదారు మద్రాసు రైలెక్కవలసి యుండెను. ఇక పొద్దుట బయలుదేరి కోర్టు చూచుకొని రాత్రికి ఇల్లు చేరుకొనగలిగెను. న్యాయము దగ్గర పడుట యనగా సామాన్యునకు మొదట ఇదియే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరింపగా హైకోర్టు హైదరాబాదునకు తరలినది. వారును ప్రధాన న్యాయమూర్తిగా అచటికి వెళ్ళి, 1958 జనవరి 31న సుప్రీంకోర్టు పీఠమెక్కిరి.

బస్సుల తగవు ఆ సంవత్సరమే వచ్చినది. కృష్ణా జిల్లాలో అనేక సంవత్సరములుగా ప్రైవేటు యజమానులు బస్సులు నడుపుకొనుచుండిరి. 1957లో ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ జిల్లాలోని కొన్ని మార్గములను తాను తీసికొనుటకు ఒక పథకము ప్రకటించినది. అభ్యంతరము లున్నవారు చెప్పుకొనవచ్చునని మోటారు వాహనముల చట్టము అవకాశ మిచ్చినది. యజమానులు చెప్పుకొనిరి. అయితే వారి మాట విన్నది రవాణా వ్యవహారములు చూచు ప్రభుత్వ కార్యదర్శి. పథకమును ఆమోదించినది ముఖ్యమంత్రి. అంతట గుళ్ళపల్లి నాగేశ్వరరావు మొదలగువారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి.

ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో అధిక సంఖ్యాకుల పక్షమున సుబ్బారావుగారు తీర్పు వ్రాసిరి. అందు రెండు లోపములు చూపిరి. బస్సులు తీసికొనగోరినది రవాణా శాఖ. ఆ శాఖకు పెద్దయైన కార్యదర్శియే అభ్యంతరములు విన్నచో, తగవులో ఒక పక్షమువాడే తీర్పరి యైనట్లు. ఇది మొదటిది. ఒకరు విని, వేరొకరు నిర్ణయించినచో ఆ వినికిడి వట్టి తంతు. ఇది రెండవది. ఎదుట నిలిచి చెప్పుకొనువాని ముఖము చూచి, సందేహము కలిగినచోట ప్రశ్నించి, సమాధానము విని నిశ్చయించుటయే విచారణ. ఆ పనిని ఇద్దరికి పంచినచో అది విచారణయే కాదు. అందుచేత నాటి ఆమోదము చెల్లలేదు.

వారు ప్రభుత్వ బస్సులకు విరోధులని దీనినిబట్టి తలపరాదు. అటుపిమ్మట అభ్యంతరములను ముఖ్యమంత్రియే స్వయముగా విని నిర్ణయము చేసిరి. యజమానులు మరల సుప్రీంకోర్టునకు పోగా, 1959లో న్యాయస్థానము ఆ నిర్ణయమును నిలబెట్టినది. ప్రభుత్వము కోరినది తుదకు నెరవేరినది. కాని నెరవేరిన త్రోవ మారినది. ఈ త్రోవ కొరకే సుబ్బారావుగారు పట్టుబట్టిరి. గమ్యము మంచిదైనను అడ్డదారిన పోరాదని వారి మతము.

ఈ పట్టుదలయే 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యమున మరియొక రూపమున కనబడినది. దోపిడి నేరము రుజువు కాక విడుదలైన యొక మనుష్యుని ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టుచు, అతని రాకపోకలపై నిఘా వేసిరి. అధిక సంఖ్యాకులు రాత్రి సందర్శనములను మాత్రమే కొట్టివేసిరి. సుబ్బారావుగారు, జస్టిస్ షాగారితో కలిసి, ఆ నిఘా అంతయు చెల్లదనిరి. వెన్నంటి చూచు కన్నులు ఉన్నంతకాలము మనుష్యుడు స్వేచ్ఛగా నడచినను స్వేచ్ఛ కలవాడు కాడని వారి వాదము. ఆనాడు అది అల్పసంఖ్యాకుల అభిప్రాయము. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినపుడు, వారి మాటయే నిలిచినది.

అన్ని తీర్పులును అందరికిని సమ్మతములు కాలేదు. 1966 జూన్ 30న వారు భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున, ఆరుగురు ఒక వైపు, ఐదుగురు మరియొక వైపు నిలువగా, ప్రాథమిక హక్కులను తగ్గించు అధికారము పార్లమెంటునకు లేదని తీర్పు వెలువడినది. ఇది భూసంస్కరణలకు అడ్డమగునని అనేకులు విమర్శించిరి. ఎకరము పొలమునకై తపించు కూలి, వందల యెకరముల ఆసామి పక్కపక్కనే బ్రతుకు డెల్టాలో ఆ విమర్శను తేలికగా త్రోసివేయజాలము. అయితే ఆ తీర్పు ఇక ముందునకే వర్తించునని చెప్పి, అంతకుముందు జరిగిన భూమి మార్పులను వారు కదలింపలేదు. 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చినది. కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు చెరపజాలదని ఒక హద్దు గీచినది.

1967 ఏప్రిల్ 11న పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచి, డాక్టర్ జాకిర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిరి. న్యాయపీఠము దిగినవెంటనే ఎన్నికలకు దిగుట తగునా యని ఆనాడు ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్న నేటికిని సజీవమే. 1976 మే 6న వారు కీర్తిశేషులైరి. అది అత్యవసర పరిస్థితి కాలము. అంతకు ఎనిమిది దినముల ముందు, ఏప్రిల్ 28న, నిర్బంధితుడు తన విడుదలకై కోర్టు తలుపు తట్టజాలడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను.

2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరల కృష్ణాతీరమునకు వచ్చినది. విజయవాడలో ప్రారంభమై, ఆ సంవత్సరమే అమరావతిలోని నేలపాడునకు చేరినది. న్యాయస్థానముల భవనములు మారును, ఊళ్ళు మారును. మన పొలము గట్టు తగవైనను, బస్సు మార్గమైనను, పింఛను కాగితమైనను, ఏ అధికారి యెదుట నిలిచినను మనము అడుగదగినవి రెండు ప్రశ్నలు కలవు: నా మాట వినుచున్నవారే నిర్ణయింతురా? వారు నా ఎదుటిపక్షమువారు కారు గదా? ఈ రెండు ప్రశ్నలను అడుగు హక్కు మనకు కలదని కృష్ణా జిల్లా బస్సుల తగవులో నిర్ధారించి చెప్పిన న్యాయమూర్తిని స్మరించుటకు, ఆ ప్రశ్నలను అడుగుటకంటె మంచి విధానము మాకు తోచలేదు.