లారీకి గాలి పట్టిందా?

రావులపాలెంలో అరటి గెలలు ఎక్కించుకున్న పాత టాటా లారీ బాగానే స్టార్టయి, గౌతమి వంతెన ఎక్కకముందే ఆగిపోయిందంటే నా మొదటి అనుమానం గాలి మీదే. డీజిల్ లైన్లో బుడగ దూరితే అది నలుగుతుంది తప్ప, ఇంజెక్టర్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు.

ఫిల్టర్ మీది బ్లీడింగ్ బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతిపంపు కొట్టాలి. ముందు తెల్లటి నురగ చిటపటమంటూ వస్తుంది. నురగ పోయి డీజిల్ ధార కట్టాక, ధార ఆగకుండానే బోల్టు బిగించాలి. తర్వాత ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టే మైకో పంపు దగ్గరా ఇంతే. (బాష్ వారి ఆ బెంగళూరు కంపెనీ 2008లో పేరు మార్చుకుంది, మా షెడ్లలో ఇంకా మైకోయే!)

అసలు తంటా, తెల్లారేసరికి మళ్లీ గాలి పట్టడం. ‘డీజిల్ ఎక్కడా కారట్లేదు కదండీ’ అంటారు డ్రైవర్లు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే లైను. అక్కడ సందుంటే, ఇంజన్ నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. క్యాన్లో డీజిల్ పోసి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకి ఇచ్చి చూడండి. బండి ఆగకుండా నడిస్తే లోపం ట్యాంకు వైపే: బీటలిచ్చిన రబ్బరు గొట్టమో, నలిగిన రాగి వాషరో. అది తేల్చుకోకుండా సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీని చంపుకోకండి.