లిఫ్ట్ కిట్ వేశాక ఓఆర్ఆర్ మీద స్టీరింగ్ ఎందుకు తేలిపోతుంది?

తెల్లాపూర్ నుంచి మళ్ళీ ఒక గ్యారేజ్ ఎపిసోడ్. ఈ మధ్య ఒకే రకం ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "బ్రో, బండికి రెండంగుళాల లిఫ్ట్ వేయించా. నల్లగండ్ల, గోపన్‌పల్లి తిరిగినంతసేపు సూపర్‌గా ఉంది. కొల్లూరు దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి 80 దాటగానే తేలిపోతోంది. పక్క నుంచి లారీ పోతే ఇంకా భయం. స్టీరింగ్ బాక్స్ మార్చాలా?"

చిన్న జవాబు ముందే చెప్పేస్తా. చాలా బండ్లలో స్టీరింగ్ బాక్స్ తప్పు ఏమీ ఉండదు. లిఫ్ట్ వేసినప్పుడు ముందు చక్రాల కోణం ఒకటి మారిపోతుంది. దాని పేరు క్యాస్టర్. ఆ కోణాన్ని కొలవకుండా పార్ట్‌లు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, ప్రాబ్లం అలాగే ఉంటుంది.

నేను కోడ్ రాసే రోజుల్లో నేర్చుకున్న మొదటి పాఠం ఇక్కడా పనికొస్తుంది. నిన్నటిదాకా బాగా నడిచింది ఇవాళ నడవట్లేదంటే, మధ్యలో ఏం మారిందో ముందు అది చూడాలి. మారింది లిఫ్టే. మొదలు అక్కణ్ణించే పెడదాం.

ముందు ప్రాబ్లంకి సరైన పేరు పెడదాం

"స్టీరింగ్ లూజ్" అని అందరూ ఒకే మాట అంటారు. కానీ దాని వెనక నాలుగు వేర్వేరు విషయాలు ఉండొచ్చు.

ఒకటి, తేలడం. రోడ్డు నిటారుగా ఉన్నా బండి మెల్లగా అటూ ఇటూ పోతుంది, మీరు చిన్న చిన్న కరెక్షన్లు ఇస్తూనే ఉండాలి. మలుపు తిప్పి చెయ్యి వదులు చేస్తే స్టీరింగ్ దానంతటది మధ్యకు రాదు. ఇది క్యాస్టర్ లక్షణం.

రెండు, వణుకు. ఫ్లైఓవర్ జాయింట్ లాంటిది తగలగానే స్టీరింగ్ గడగడా ఊగిపోతుంది, స్పీడ్ బాగా తగ్గేదాకా ఆగదు. ఇది వేరే జబ్బు, దీని సంగతి కింద చెప్తా.

మూడు, గుంతలో పడ్డప్పుడల్లా మీరు తిప్పకుండానే బండి ఒక పక్కకు గుంజడం. దీన్ని బంప్ స్టీర్ అంటారు.

నాలుగు, బండి నిటారుగానే పోతుంది కానీ స్టీరింగ్ వీల్ వంకరగా ఉంటుంది.

మెకానిక్ దగ్గరకెళ్ళి "అన్నా, లూజ్‌గా ఉంది" అనకండి. ఈ నాలుగింటిలో ఏదో, ఎంత స్పీడ్ దగ్గర వస్తుందో చెప్పండి. సగం టైం అక్కడే మిగులుతుంది.

క్యాస్టర్ అంటే ఏంటి?

ఆఫీసులో మీరు కూర్చునే కుర్చీ చక్రాలు చూడండి. కుర్చీని ఎటు తోస్తే చక్రం అటు వెనక్కి తిరిగి, బుద్ధిగా వెంట వస్తుంది. ఎందుకంటే చక్రం తిరిగే ఇరుసు కంటే అది నేలకు ఆనే చోటు వెనక ఉంటుంది. సైకిల్ చేతులు వదిలి తొక్కగలగడానికి కూడా ఒక ముఖ్య కారణం ఇదే. ముందు ఫోర్క్ వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు.

బండిలోనూ అంతే. ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఎన్ని డిగ్రీలో అదే క్యాస్టర్. ఆ గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలకు ఆనే చోటికి కొంచెం ముందు తగులుతుంది. ఆ మధ్య దూరాన్ని ట్రైల్ అంటారు. బండిని నిటారుగా ఉంచేది ఎక్కువగా ఈ ట్రైలే.

చిన్న లెక్క చేద్దాం. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు సగం ఎత్తు సుమారు 346 మిల్లీమీటర్లు. క్యాస్టర్ 3 డిగ్రీలు ఉందనుకోండి, ట్రైల్ దాదాపు 18 మిల్లీమీటర్లు. అదే 1 డిగ్రీకి పడిపోతే 6 మిల్లీమీటర్లే. అంటే బండిని నిటారుగా పట్టుకునే పట్టు మూడో వంతుకు వచ్చేసింది. ఊళ్లో 40లో ఇది తెలీదు. 100లో తెలుస్తుంది.

100 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. బండి ముక్కు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే ఒక్క సెకనులో అర మీటరు పక్కకు జరుగుతారు. పక్క లేన్‌లో లారీ ఉంటే ఆ అర మీటరు చాలా పెద్దది.

లిఫ్ట్ దీన్ని ఎలా మారుస్తుంది?

ఇది మీ బండి ముందు భాగం ఎలా కట్టారన్న దాని మీద ఉంటుంది.

జిమ్నీ: ముందు కూడా ఒకే గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే రెండు పొడవాటి ఆర్మ్‌లు వెనక్కి వెళ్ళి ఛాసిస్‌కి తగులుకుంటాయి. ఛాసిస్ పైకి లేస్తే ఆర్మ్ వెనక కొస కూడా దానితో లేస్తుంది, యాక్సిల్ మొత్తం ముందుకు ఒరుగుతుంది. క్యాస్టర్ తగ్గేది అక్కడే. లెక్క కోసం ఆర్మ్ పొడవు 60 సెంటీమీటర్లు, లిఫ్ట్ 5 సెంటీమీటర్లు అనుకుంటే, తేడా దాదాపు 4.8 డిగ్రీలు. ఆర్మ్ పొడవుగా ఉంటే తక్కువ పోతుంది, పొట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది.

ఇంకో విషయం. ముందు కంటే వెనక ఎక్కువ లేపితే బండి ముక్కు కిందికి వంగుతుంది, అప్పుడూ క్యాస్టర్ పోతుంది. ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2590 మిల్లీమీటర్లు. వెనక 45 మిల్లీమీటర్లు ఎక్కువ లేస్తే ఒక డిగ్రీ పోయినట్టే.

జిప్సీ, పాత జీపులు: ముందు కూడా కమాన్ పట్టీలే. పొడవు షాకిల్స్ వేసి లేపడం వీటిలో మామూలు. షాకిల్ పట్టీకి ముందు కొసన ఉంటే, దాన్ని పొడవు చేసినప్పుడు ఆ కొస కిందికి దిగి యాక్సిల్ ముందుకు ఒరుగుతుంది. వెనక కొసన ఉంటే ఉల్టా. కాబట్టి మీ బండిలో షాకిల్ ఎటుందో కిందికి వంగి ఒకసారి చూడండి.

2020లో వచ్చిన థార్, 2024లో వచ్చిన రాక్స్: వీటి ముందు చక్రాలు రెండూ విడివిడిగా కదులుతాయి. స్పేసర్ పెట్టి లేపితే క్యాస్టర్‌తో పాటు క్యాంబర్, టో కూడా మారతాయి. టో అంటే రెండు చక్రాల ముక్కులు లోపలికి చూస్తున్నాయా, బయటికా అన్నది. బయటికి చూస్తే బండి హైవే మీద కుదురుగా ఉండదు. అందుకే వీటికి లిఫ్ట్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి.

చెక్ చేసే వరుస

ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టి పైకి వెళ్దాం.

మొదటిది గాలి. వికారాబాద్ అనంతగిరి వైపు మట్టిలో తిరగడానికి గాలి తగ్గించి, మళ్ళీ నింపకుండా హైవే ఎక్కేవాళ్ళు ఉన్నారు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్ చల్లటి టైర్లలో పెట్టి చూడండి. టైరు సైజు మార్చి ఉంటే టైర్ షాపులో ఆ సైజుకి ఎంత పెట్టాలో అడగండి. మడ్ టెర్రైన్ టైర్లు కొత్తగా వేస్తే, వాటి మెత్తటి బ్లాకుల వల్ల కూడా కొంచెం తేలినట్టు ఉంటుంది.

రెండోది బోల్టులు. లిఫ్ట్ వేసేటప్పుడు విప్పిన ప్రతి బోల్టునీ కంపెనీ చెప్పిన టార్క్‌కి టార్క్ రెంచ్‌తో బిగించారా? రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

మూడోది ప్లే. బండి నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి, చక్రాలకు రాళ్ళు పెట్టాలి. ఇంజిన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ని కొంచెం కొంచెం అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు పక్క నుంచి టార్చ్ వేసి ఒక్కో జాయింట్ చూడాలి. రాడ్ కదిలాక దాని పక్క పార్ట్ ఆలస్యంగా కదిలితే ప్లే అక్కడే ఉంది. ట్రాక్ రాడ్, అంటే యాక్సిల్‌ని పక్కకు జరక్కుండా పట్టుకునే అడ్డ రాడ్, దాని రెండు కొసలూ తప్పకుండా చూడండి. చక్రం పైకెత్తి ఊపే టెస్ట్ ఉంటే స్టాండ్ పెట్టాకే. ఒట్టి జాకీని నమ్మి బండి కింద దూరొద్దు. ఈ మాట నేను ప్రతి ఎపిసోడ్‌లో చెప్తా, చెప్తూనే ఉంటా.

నాలుగోది అలైన్‌మెంట్ ప్రింటౌట్. ఇదే అసలు సాక్ష్యం. గట్టి యాక్సిల్ బండికి చాలా షాపుల్లో టో ఒక్కటి సరిచేసి "సెట్ అయిపోయింది భాయ్" అంటారు, ఎందుకంటే మామూలుగా అక్కడ తిప్పడానికి ఉండేది అదొక్కటే. మీరు క్యాస్టర్ నంబర్లు అడగండి, ఎడమదీ కుడిదీ. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ విలువతో పోల్చండి. రెండు పక్కలా తేడా ఉంటే, క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకు బండి లాగుతుంది.

నంబరు దొరికింది, ఇప్పుడు ఏం చేయాలి?

జిమ్నీ లాంటి వాటికి ఆర్మ్‌లలో ఆఫ్‌సెట్ బుష్‌లు వేయొచ్చు. వాటిలో రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉంటుంది, దాంతో యాక్సిల్ మళ్ళీ వెనక్కి వాలుతుంది. ఎక్కువ లిఫ్ట్ అయితే ఆర్మ్ కొసను కిందికి దించే బ్రాకెట్‌లు, లేదా కోణం మార్చి చేసిన కొత్త ఆర్మ్‌లు. కమాన్ పట్టీల బండికి యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య స్టీల్ వెడ్జ్‌లు. థార్ లాంటి వాటికి సర్దుబాటు ఉండే పై ఆర్మ్‌లు.

ఒకటి గుర్తుంచుకోండి. గట్టి యాక్సిల్‌ని తిప్పితే దాంతో పాటు ముందు డిఫరెన్షియల్ ముక్కు కూడా కిందికి తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. అతిగా పోతే ఫోర్ బై ఫోర్‌లో వైబ్రేషన్ వస్తుంది. కావాల్సినంతే సరిచేయాలి.

లిఫ్ట్ వల్ల ట్రాక్ రాడ్ వాలు పెరిగి యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. రెండు పక్కలా ఫెండర్ అంచు నుంచి టైరు ఎంత బయటికి ఉందో టేపుతో కొలవండి. తేడా ఉంటే సర్దుబాటు ట్రాక్ రాడ్ వేయాలి. కానీ ట్రాక్ రాడ్, డ్రాగ్ లింక్ రెండూ వీలైనంత సమాంతరంగా ఉండాలి. ఒకదాని మౌంట్ మాత్రమే మార్చి రెండోదాన్ని వదిలేస్తే ఇందాక చెప్పిన బంప్ స్టీర్ వస్తుంది.

స్టీరింగ్ వీల్ వంకరగా ఉంటే డ్రాగ్ లింక్ పొడవు సరిచేయాలి. వీల్ పీకి నిటారుగా మళ్ళీ పెట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఈఎస్‌పీ ఉన్న బండిలో స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ ఉంటుంది. చక్రాలు నిటారుగా ఉన్నా, మీరు మలుపు తిప్పుతున్నారని అది అనుకుంటూనే ఉంటుంది.

"పెద్ద స్టీరింగ్ డ్యాంపర్ వేసేయ్, సెట్ అవుతుంది" అనే సలహా బాగా వినిపిస్తుంది. డ్యాంపర్ ఊపును అణుస్తుంది, అంతేగానీ పోయిన కోణాన్ని తిరిగి తేదు. ఎర్రర్ మెసేజ్ కనపడకుండా దాచేసి బగ్ పోయిందనుకోవడం లాంటిదే.

వణుకు మొదలైతే?

గట్టి యాక్సిల్ బండిలో కింగ్‌పిన్ బేరింగులు అరిగినా, ట్రాక్ రాడ్ బుష్ లూజ్ అయినా, చక్రాల బ్యాలెన్సింగ్ తప్పినా ఒక్క కుదుపుతో స్టీరింగ్ ఊగడం మొదలవుతుంది. అప్పుడు సడన్‌గా బ్రేక్ కొట్టొద్దు. స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. స్పీడ్ తగ్గుతూ ఊపు ఆగుతుంది. హజార్డ్ లైట్లు వేసి మెల్లగా ఎడమ అంచుకు రండి. ఒకసారి వచ్చిందంటే కారణం దొరికేదాకా ఆ బండిని హైవే ఎక్కించొద్దు.

అసలు లిఫ్ట్ కావాలా?

ఇంకా వేయించని వాళ్ళ కోసం ఇది. గట్టి యాక్సిల్ బండికి సస్పెన్షన్ లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది, యాక్సిల్ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు మాత్రమే, అదీ టైరు పెరిగిన ఎత్తులో సగం. జిమ్నీకి కంపెనీ నుంచే 210 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉంది. నెలకోసారి అనంతగిరి వెళ్ళొచ్చే వాళ్ళకు మంచి టైర్లు, గాలి నింపే చిన్న పంపు ఎక్కువ పనికొస్తాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పని మార్పు క్లెయిమ్ టైంలో గొడవ అవుతుంది. వేయించే ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడగండి.

ఇప్పటికే వేయించి, బండి తేలుతున్న వాళ్ళు ఈ వారం ఒక్క పని చేయండి. గాలి సరిచూసుకుని, అలైన్‌మెంట్ ప్రింటౌట్ తీసుకుని, క్యాస్టర్ నంబర్లు రెండూ, లిఫ్ట్ ఎంతో, టైరు సైజు ఏంటో కామెంట్‌లో రాయండి. నంబర్లు ఉంటే వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కో బండి లెక్క కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఓఆర్ఆర్ మీద ఎడమ లేన్లలో, నిదానంగా. ఉంటాను ఫ్రెండ్స్.