పని తేలిందా, లేదా?
వెబ్‌సైట్ నాణ్యతకు వాడేవాళ్ల కొలత

వెబ్‌సైట్ మంచిదా కాదా అన్నది ఇద్దరు రెండు రకాలుగా చూస్తారు. నడిపేవాళ్లు సర్వరు ఎంతసేపు ఆగకుండా పనిచేసిందో, రోజుకు ఎందరు వచ్చిపోయారో లెక్కపెడతారు. వాడేవాళ్లకు ఆ లెక్కలతో పనిలేదు. వచ్చిన పని తేలిందా, ఎంత తిప్పలు పడాల్సి వచ్చింది, విసుగు పుట్టిందా లేదా అన్నదే వాళ్లకు కావాలి. 1998లో వచ్చి 2018లో మళ్లీ సవరించిన ఐఎస్ఓ 9241-11 ప్రమాణం కూడా దాదాపు ఈ మూడింటినే పట్టుకుంది. అయితే ఆ కొలతకు ఒక షరతు పెట్టింది: ఎవరు, ఏ పనికి, ఎలాంటి పరిస్థితుల్లో వాడుతున్నారో చెప్పకుండా కొలత లేదు. ఈ షరతును మరిచిపోయి చేసే కొలతలే ఎక్కువ.

కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో ఒక రైతుకు బ్యాంకు అప్పు కోసం పట్టా నకలు కావాలనుకుందాం. తమిళనాడు రెవెన్యూ శాఖ దాన్ని ఆన్‌లైన్‌లో ఇస్తుంది. జిల్లా, తాలూకా, ఊరు ఎంచుకుని పట్టా నంబరో సర్వే నంబరో కొట్టాలి. పేజీలు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఈ తాలూకాలో ఎన్నో ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు లేదా కన్నడం. బడికి వెళ్లిన పిల్లలకు తమిళం చదవడం కష్టం కాదు. భూమి ఎవరి పేర ఉందో ఆ పెద్దవాళ్లకు మాత్రం అది వినడానికి తెలిసిన భాషే తప్ప చదవడానికి కాదు.

ఇక ఊరి పేరు. తెలుగువాళ్లకు డెంకణికోట, తమిళంలో తేన్‌కనిక్కోట్టై. ఇంగ్లీషు రాతలో ఒకచోట ‘డి’తో మొదలైతే ఇంకోచోట ‘టి’తో మొదలవుతుంది. అక్షరక్రమంలో ఉన్న జాబితాలో ఎక్కడ వెతకాలో ముందే తెలిసినవాడికే పేరు దొరుకుతుంది. పాత కాగితాలు దగ్గర పెట్టుకున్నా చిక్కే. ఈ ప్రాంతం మొదట సేలం జిల్లాలో ఉండేది, 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఆ తర్వాత అంచెట్టి వేరే తాలూకా అయింది. దస్తావేజులో డెంకణికోట తాలూకా అని ఉన్న ఊరు ఇప్పుడు అంచెట్టి కింద ఉండవచ్చు. జాబితాలో తప్పేమీ ఉండదు, రైతు కాగితంలోనూ తప్పు ఉండదు. అయినా పని ఆగిపోతుంది. సర్వరు లెక్కల్లో ఇది వచ్చి వెళ్లిన ఒక మనిషిగా నమోదవుతుంది, అంతే.

ఇలాంటివి బయటపడాలంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, పని అప్పగించి, సాయం చేయకుండా చూడాలి. ఎక్కడ ఆగాడు, ఏది తప్పు నొక్కాడు, చివరికి పట్టా కనిపించిందా, ఎన్ని నిమిషాలు పట్టింది అన్నవి రాసుకోవాలి. ఐదుగురిని ఇలా చూస్తే చాలావరకు లోపాలు దొరుకుతాయని వాడకపు సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ అంటారు. ఆ లెక్క ఒకే రకం వాడుకరులకు సరిపోతుంది. తమిళం చదవగలిగిన ఐదుగురిని హోసూరులో ఎంచుకుంటే, చదవలేని ఆరోవాడి కష్టం ఆ పరీక్షలో ఎక్కడా కనిపించదు.

అడిగి తెలుసుకునే పద్ధతులూ ఉన్నాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్నది 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళి. ఒక వాక్యం మెచ్చుకోలుగా, తర్వాతది ఫిర్యాదుగా ఉంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తే, మొత్తం 100కు లెక్క కడతారు. 68 దగ్గర సగటు అంటారు. ఇది శాతం కాదు, పాసు మార్కు అంతకన్నా కాదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఫిర్యాదు వాక్యాల దగ్గర జాగ్రత్త కావాలి: ‘సులువుగా లేదు’ అన్నదానికి ‘ఒప్పుకోను’ అనడంలో ఎవరైనా తడబడతారు. పైగా ఇంటికొచ్చి అడిగిన మనిషి ముఖం మీద బాగాలేదని చెప్పడానికి మన పల్లెల్లో మొహమాటపడతారు. అందుకే నోటి జవాబు కన్నా చేతి తడబాటును నమ్మడం మేలు.

బార్న్స్, విడ్జెన్‌ల వెబ్‌క్వాల్ కొలత ఇంకో మెట్టు ఎక్కింది. సైట్ ఎలా ఉందనే కాక, ఆ అంశం మీకు ఎంత ముఖ్యమో కూడా అడుగుతుంది. పరశురామన్, జైతమల్, మల్హోత్రా 2005లో 22 ప్రశ్నలతో ఈ-ఎస్-క్వాల్ అనే కొలత రూపొందించారు. దానికి తోడుగా ఇచ్చిన 11 ప్రశ్నలు చిక్కుల్లో పడ్డవాళ్లకే; అందులో ఒకటి, సాయానికి మనిషి దొరుకుతాడా అన్నది. డెంకణికోట రైతుకు బహుశా ఇదే మొదటి ప్రశ్న కావాలి.

వేగానికి గూగుల్ పెట్టిన గీతలున్నాయి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. వంద సందర్శనల్లో 75కు ఇది అందితే సైట్ వేగం బాగున్నట్టే. మిగిలిన పాతిక సందర్శనలు ఎవరివన్నది ఆ లెక్క చెప్పదు. కొండపల్లెల్లో సిగ్నల్ సరిగా అందకపోతే వాళ్లంతా ఒకే మూల మనుషులు కావచ్చు.

ప్రభుత్వ సైట్లకు వేరే కొలబద్దలున్నాయి. 2009 నుంచి కేంద్రం మార్గదర్శకాలు ఉన్నాయి. 2019, 2021ల్లో జరిగిన నెస్డా అనే ఈ-పాలన సేవల అంచనా రాష్ట్రాల పోర్టళ్లను అందుబాటు, సమాచారం, వాడకపు సౌలభ్యం, భద్రత అన్న అంశాల మీద చూసింది.

ఈ కొలతలన్నిటికీ చిక్కని వాడుకరి ఒకరున్నారు. చాలామంది రైతులు సైట్‌ను ముట్టుకోరు. ఇ-సేవై కేంద్రానికి వెళతారు. మీటలు నొక్కేది అక్కడి ఆపరేటర్. అతనికి పేజీలన్నీ కంఠస్థం, పని నిమిషాల్లో అయిపోతుంది, లాగ్‌లో సైట్ భేషుగ్గా కనిపిస్తుంది. రైతు ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, వరుసలో నిలబడి, సర్వే నంబరులో ఉపవిభాగం గుర్తులేక తిరిగి వెళ్లడం ఎక్కడా నమోదు కాదు. అలాంటిచోట పరీక్ష పెట్టాల్సింది ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి. గడియారం మొదలు కావాల్సింది పేజీ తెరుచుకున్నప్పుడు కాదు, రైతు ఇంటి గడప దాటినప్పుడు. ఆగాల్సింది పట్టా నకలు అతని చేతిలో పడ్డప్పుడు.