మీకు తెలుసా? సింథసైజర్‌కు గౌరవం తెచ్చిన వెండీ

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా నుంచి సినిమా రీరికార్డింగ్ దాకా ఇవాళ సింథసైజర్ లేని చోటు అరుదు. అది ప్రయోగశాలలో వింత చప్పుళ్లు చేసే యంత్రం మాత్రమే కాదని, దాని మీద అసలైన సంగీతం పలుకుతుందని లోకాన్ని నమ్మించినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు వెండీ కార్లోస్. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 1939లో పుట్టిన ఈమె ట్రాన్స్ మహిళ. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో సంగీతంతో పాటు భౌతికశాస్త్రమూ చదివారు. రాబర్ట్ మోగ్ తన సింథసైజర్‌ను అప్పుడప్పుడే తీర్చిదిద్దుతున్న రోజుల్లో, వేలి ఒత్తిడికి తగ్గట్టు స్పందించే కీబోర్డు కావాలని పట్టుబట్టి ఆయనతో చేయించుకున్నారు.

1968లో వచ్చిన ఆమె ఆల్బమ్ 'స్విచ్‌డ్-ఆన్ బాక్'. జర్మన్ స్వరకర్త బాక్ రచనలను పూర్తిగా ఆ యంత్రం మీదే వాయించారు. అందులో ఎంత ఓపిక దాగి ఉందో చాలామందికి తెలియదు. అప్పటి మోగ్ సింథసైజర్ మీద ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. బాక్ సంగీతమేమో మూడు నాలుగు వరుసలు ఒకేసారి అల్లుకుపోయే రకం. అందుకని ఒక్కో వరుసనూ విడిగా వాయించి, తానే అమర్చుకున్న ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డర్‌లో ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోయారు. పైగా ఆ యంత్రం శ్రుతి నిలవదు. నాలుగు స్వరాలు వాయించడం, శ్రుతి సరిచూసుకోవడం, తప్పితే మళ్లీ మొదలుపెట్టడం. నెలల తరబడి ఇదే పని. ఫలితం మాత్రం ఎవరూ ఊహించనిది. అమెరికా శాస్త్రీయ సంగీత చార్టులో 1969 నుంచి 1972 దాకా అగ్రస్థానం, 1970లో మూడు గ్రామీ అవార్డులు, తర్వాతి కాలంలో పది లక్షల ప్రతుల అమ్మకానికి గుర్తుగా ఇచ్చే ప్లాటినం గుర్తింపు.

అంత పేరొచ్చిన ఆ రికార్డు అట్ట మీద మాత్రం వెండీ పేరు లేదు. పాత మగపేరే ఉంది. ఆల్బమ్ వచ్చే నాటికే ఆమె హార్మోన్ చికిత్స మొదలైంది. సెయింట్ లూయిస్ సింఫనీతో కచేరీకి వెళ్లాల్సి వస్తే విగ్గు పెట్టుకుని, చెంపలకు కృత్రిమ జుట్టు అతికించుకుని, గడ్డం ఉన్నట్టు పెన్సిల్‌తో గీసుకుని వేదిక ఎక్కారు. తాను స్త్రీనని 1979లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో బయటపెట్టేదాకా జనానికి దూరంగానే ఉండిపోయారు. తాను భయపడినంతగా జనం పట్టించుకోలేదని, ఆ దాపరికమే అక్కర్లేకపోయిందని ఆమే తర్వాత చెప్పారు. ఆ పదేళ్లలో జరగాల్సిన కచేరీలు ఎన్ని జరగకుండా పోయాయో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

పని మాత్రం ఆగలేదు. దర్శకుడు కుబ్రిక్ సినిమా 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' (1971)లో బీథోవెన్ తొమ్మిదో సింఫనీని వోకోడర్ ద్వారా యంత్రగళంతో పాడించింది ఆమే. 1982లో 'ట్రాన్' సినిమాకు సంగీతమిచ్చారు. 1986 నాటి 'బ్యూటీ ఇన్ ది బీస్ట్' ఆల్బమ్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. పియానోలోని పన్నెండు సమభాగాలను పక్కన పెట్టి, ఆల్ఫా, బీటా అని సొంతంగా స్వరశ్రేణులు కట్టారు. శ్రుతిభేదాల గురించి తరతరాలుగా చర్చించుకుంటున్న మన సంగీత విద్యార్థులు తప్పక వినవలసిన ఆల్బమ్ అది.

ఇలా సంగీతంలో తమ ముద్ర వేసిన ట్రాన్స్ మహిళల్లో వెండీ ఒక్కరే కాదు. బ్రిటన్‌లో పుట్టిన స్వరకర్త ఏంజెలా మోర్లీ కూడా ట్రాన్స్ మహిళే. 'వాటర్‌షిప్ డౌన్' (1978) సినిమాకు మొదట ఒప్పుకున్న స్వరకర్త పూర్తిచేయలేకపోతే, గడువు ముంచుకొస్తున్న వేళ ఆ బాధ్యత నెత్తికెత్తుకుని గట్టెక్కించారు. స్వరకర్త జాన్ విలియమ్స్‌కు 'స్టార్ వార్స్' సినిమా వాద్యబృంద రచనలోనూ చేయందించారు, తెర మీద పేరు లేకుండానే. 1974 నాటి 'ది లిటిల్ ప్రిన్స్' సినిమా సంగీతానికి ఆస్కార్ నామినేషన్ అందుకున్న బృందంలో ఆమె ఉన్నారు.

గాయని జాకీ షేన్ కథ వేరు. అమెరికాలోని నాష్‌విల్‌లో పుట్టిన ఈ నల్లజాతి ట్రాన్స్ మహిళ 1960లలో కెనడాలోని టొరంటో క్లబ్బులను ఉర్రూతలూగించారు. 1971 తర్వాత వేదికలకు దూరమవడంతో, చనిపోయారనే చాలామంది అనుకున్నారు. 2017లో ఆమె పాటల సంకలనం వచ్చింది. దానికి గ్రామీ నామినేషన్ కూడా దక్కింది. 2019లో ఆమె కన్నుమూసే నాటికి కొత్త తరం ఆ గొంతును వింటోంది.

మన పొరుగునే మరొకరున్నారు. బళ్లారి ప్రాంతానికి చెందిన మంజమ్మ జోగతి ఎల్లమ్మ పాటలు, ఆ దేవత సేవకు అంకితమైన జోగతుల నృత్యమే జీవితంగా బతికిన కళాకారిణి. కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైన తొలి ట్రాన్స్ మహిళ. 2021లో పద్మశ్రీ అందుకోవడానికి వెళ్లి, రాష్ట్రపతికి చీర కొంగుతో దిష్టి తీసింది ఈమే. జోగతుల పాటకు తోడుండే చౌడికె అనే వాద్యం మన తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథకు వాయించే జమిడికకు దగ్గరి చుట్టమే. రెండింటిలోనూ ఒకే తీగ, దాన్ని బిగించి వదులుతూ మీటితే కథ నడుస్తుంది.