ఉన్న కొలువా? కొత్త కొలువా?

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులు తెల్లవారకముందే మేల్కొంటాయి. రాత్రి పాళీ ముగించుకొని మరమగ్గాల షెడ్ల నుండి పురుషులు ఇళ్ళకు మరలుతూ ఉంటారు. గుమ్మాల ముందు స్త్రీలు నీళ్ళు చల్లుతూ ఉంటారు. ఆ సందడిలో గుజరాతీ, మరాఠీలతో పాటు తెలుగు కూడా చెవిని పడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని బయలుదేరిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రిందటే ఇక్కడ స్థిరపడ్డాయి. వారి బిడ్డల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతున్నది.

పురుషుడు మగ్గం మీద ఉంటే, స్త్రీ ఇంట్లోనే కూర్చుండి చీరలకు టిక్కీలు అతికించడం, దారాలు కత్తిరించడం, మడతలు వేయడం ఈ వాడలో పరిపాటి. కూలి చీర లెక్కన ముడుతుంది. కొందరు స్త్రీలు మాత్రం గడప దాటి ఆసుపత్రులలో చేరారు. వారు నర్సులు కారు. నర్సు కావాలంటే గుర్తింపు పొందిన శిక్షణ, రాష్ట్ర నర్సింగు మండలిలో నమోదు ఉండాలి. రోగిని ప్రక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, పక్కగుడ్డలు మార్చడం, మలమూత్రాల పాత్రలు తీయడం వీరి పని. సిస్టర్ అందుబాటులో లేనప్పుడు రోగి మొదట పిలిచేది వీరినే. గుజరాతీలు వీరిని ‘ఆయాబెన్’ అంటారు.

అటువంటి ఒక ఇల్లాలిని ఉదాహరణగా ఊహించుకుందాం. వయస్సు ముప్పై ఆరు. చదువు పదవ తరగతి. భర్త మరమగ్గం కార్మికుడు. కూతురు పన్నెండవ తరగతి. ఒక చిన్న నర్సింగ్ హోములో చేరి నాలుగేళ్ళ మూడు నెలలయింది. జీతం పన్నెండు వేలు. ఇంతలో ఒక ఏజెన్సీ వారు కబురు పంపారు. నగరానికి పడమట ఒక పెద్ద అపార్టుమెంటులో పక్షవాతంతో మంచం పట్టిన వృద్ధురాలిని పగలు పన్నెండు గంటలు చూసుకోవాలి. రోజుకు ఏడు వందలు. ఇరవై ఆరు రోజులకు 18,200 రూపాయలు.

“ఎన్నొద్దులు మోస్తవక్కా ఆ గిన్నెలు? పోయి హాయిగ ఒక్క ముసలమ్మను చూసుకో” అని ప్రక్కింటి ఆడబిడ్డ హితవు చెబుతుంది. నెలకు 6,200 అధికం! పన్నెండవ తరగతి చదివే పిల్ల ఉన్న ఇంట్లో అది తేలికగా త్రోసిపుచ్చదగిన మొత్తం కాదు.

అయితే చేతికందే జీతం వేరు, కొలువు విలువ వేరు. నర్సింగ్ హోము నియమం ప్రకారం నడుచుకుంటున్నదనుకుంటే, యజమాని ఆమె పేరిట భవిష్యనిధికి జీతంలో 12 శాతం, అనగా 1,440 రూపాయలు జమ చేయాలి. ఇ.ఎస్.ఐ.కి 3.25 శాతం, అనగా 390 రూపాయలు చెల్లించాలి. ఈ రెండూ కలిపి 1,830. ఆమె జీతం నుండి కోసే మొత్తాలలో భవిష్యనిధి భాగం ఆమె పొదుపే గనుక దానిని నష్టంగా లెక్కించరాదు. కనుక అసలు తేడా 6,200 కాదు, 4,370. దీనిని ఏడు వందలతో భాగిస్తే ఆరు రోజులు. అంటే, కొత్త కొలువులో నెలకు ఆరు రోజులు పని దొరకకపోతే ఈ లాభమంతా హరించుకుపోతుంది.

ఏజెన్సీ పనిలో ఆ ఆరు రోజులు ఎంతో తేలికగా పోతాయి. రోగి కోలుకున్నా, మరణించినా, అమెరికా నుండి కొడుకు వచ్చి తల్లిని తీసుకుపోయినా, పని ఆనాటితో సరి. మరో ఇల్లు దొరికేవరకు ఫోను కోసం ఎదురుచూడడమే. ఒక రోగి నిష్క్రమణ తన భోజనంతో ముడిపడి ఉండడం ఎంత క్లేశకరమో అనుభవించినవారికి గాని తెలియదు.

గ్రాట్యుటీ సంగతి కూడా ఉంది. 1972 నాటి చట్టం విధించిన ఐదేళ్ళ నియమం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతిలోను శాశ్వతోద్యోగులకు కొనసాగింది. నిర్ణీత కాలానికి నియమితులైన వారికి మాత్రం ఒక్క ఏడాది చాలు. సంవత్సరానికి పదిహేను రోజుల జీతం, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కించి. ఐదేళ్ళు నిండితే ఈమెకు సుమారు 34,600 రూపాయలు రావలసి ఉంటుంది. ఇంకా తొమ్మిది నెలలు. ఈ ఒక్క కారణానికే ఆగడం వివేకమా? కొత్త చోట నెలనెలా పూర్తిగా పని ఉండే పక్షంలో, 4,370 చొప్పున తొమ్మిది నెలలకు 39,330 అవుతుంది. అది గ్రాట్యుటీ కంటె ఎక్కువే. “గ్రాట్యుటీ పోతుంది, కదలకు” అనే పెద్దల మాట కూడా ప్రతిసారీ సరి కాదన్నమాట. అంతా ఆ ఆరు రోజుల మీదనే ఆధారపడి ఉన్నది.

అంకెలకు లొంగని విషయాలు కొన్ని ఉన్నాయి. ఇ.ఎస్.ఐ. కార్డు ఆమెకొక్కతెకే కాదు, ఇంటిల్లిపాదికీ వైద్యం చేయిస్తుంది. జబ్బుపడి సెలవు పెడితే, ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉన్నవారికి, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం లభిస్తుంది. చిన్న షెడ్లలో పనిచేసే మగ్గం కార్మికులకు అటువంటి రక్షణ అరుదు. రాత్రింబవళ్ళు నూలు ధూళి పీల్చే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆ కార్డు విలువను నెలకు 390 రూపాయలని కొలవడం హాస్యాస్పదం.

పైగా నడుము. వార్డులో బరువైన రోగిని లేపవలసివస్తే ఇద్దరు పట్టుకుంటారు. పరాయి ఇంట్లో పట్టేది ఒక్కతే. అక్కడ మొదటి వారం రోగి సేవ, రెండవ వారం “బెన్, నాలుగు రొట్టెలు చేసిపెట్టు”, మూడవ వారం గిన్నెలు. బీరువాలో ఏదైనా కనపడకపోతే మొదటి చూపు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? ఇలా అని ఇళ్ళలో పని అంతా దుఃఖమేనని కాదు. ఇరవై మంది రోగుల మధ్య పరుగులు తీసినవారికి ఒకే రోగిని నిదానంగా, శ్రద్ధగా చూసుకోవడంలో ఉండే తృప్తి తక్కువదేమీ కాదు.

“ఇది సేవ, డబ్బు చూసుకోకూడదు” అనే మాట ఈ వృత్తిలో తరచు వినబడుతుంది. జీతం పెంచమన్నప్పుడు మరీ ఎక్కువగా. 1994 సెప్టెంబరులో ఈ నగరానికి ప్లేగు వచ్చింది. యాభై మందికి పైగా మరణించారు. లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయారు. ఎందరో ప్రైవేటు వైద్యులు తలుపులు మూసి వెళ్ళిపోయారు. న్యూ సివిల్ ఆసుపత్రి వార్డులలో రోగులను మోసినవారు, పక్కలు మార్చినవారు, నేల కడిగినవారు మాత్రం మిగిలారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచిన వైనం దేశమంతటా ప్రసిద్ధికెక్కింది, అది న్యాయమే. ఆ వార్డుల వారి పేర్లు ఎవరికీ తెలియవు. సేవ అంటే ఏమిటో వారికి ఒకరు బోధించనక్కరలేదు. జీతం లెక్క చూసుకున్నంత మాత్రాన ఆ సేవకు లోటు రాదు.

ఇక మన ఇల్లాలు ముందుగా చేయవలసిన పని ఒకటున్నది. ఇంతవరకు వేసిన లెక్కంతా నర్సింగ్ హోము డబ్బు జమ చేస్తున్నదన్న నమ్మకం మీద నిలిచింది. అది నిజమేనా? కూతురు ఫోనులో భవిష్యనిధి పాస్‌బుక్ తెరచి, నెల నెలా వరుసగా చదివి వినిపిస్తుంది. చేరిన తేదీ ఏమని ఉన్నది? మధ్యలో ఏ నెలైనా ఖాళీగా ఉన్నదా? జీతంలో కోత పడుతూ ఖాతాలో జమ పడకపోతే, ఉన్న కొలువు గురించి చెప్పుకున్న మంచి అంతా తలక్రిందులవుతుంది.

అన్ని నెలలూ ఉన్నాయి. మరునాడు ఆమె ఏజెన్సీ మనిషికి ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతుంది: “ఆ ముసలమ్మ పని ఆగిపోతే, ఇంకో ఇల్లు దొరికేదాక రోజుకు ఎంతిస్తరు? కాగితం మీద రాసిస్తరా?”

అవతల కొంతసేపు నిశ్శబ్దం. “అడిగి చెబుతాను బెన్” అంటాడు.

గడియారం ఏడు చూపుతున్నది. ఎనిమిదింటికి రాత్రి పాళీ. ఆమె టిఫిను డబ్బా సంచిలో పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని, ఆటో కోసం వీధి చివరకు నడుస్తుంది.